ఎండలు ముదిరేలోపు గోర్గోనియన్ ట్యాంకుకు చేయాల్సిన ఏర్పాట్లు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయిందంటే, హైదరాబాద్‌లో మెరైన్ ట్యాంకు (ఉప్పునీటి అక్వేరియం) ఉన్నవాళ్ళు పని మొదలుపెట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో బయట 40 డిగ్రీలు దాటుతుంది. తలుపులేసిన ఫ్లాట్‌లో ట్యాంకు నీళ్ళు 30కి చేరడానికి ఎన్నో రోజులు పట్టదు. చెట్టుకొమ్మల్లా పెరిగే మెత్తటి పగడపు జీవి గోర్గోనియన్‌కు 24 నుంచి 26 డిగ్రీలు హాయి. అయితే వేడికన్నా త్వరగా దాన్ని దెబ్బతీసేది నీటి కదలిక ఆగిపోవడమే. తిండి అందాలన్నా, ఊపిరాడాలన్నా, ఒంటి మీది మురికి పోవాలన్నా దానికి ప్రవాహమే దిక్కు. అందుకే కరెంటు పోతే ఏం చేస్తామన్నది ముందు ఆలోచించుకోవాలి.

ఇంటి ఇన్వర్టర్ మీద చిల్లర్ (ట్యాంకు నీళ్ళను చల్లబరిచే యంత్రం) నడవదు, ఆ ఆశ వదిలేయండి. నీళ్ళను కదిలించే చిన్న పంపు, అదే వేవ్‌మేకర్ మాత్రం గంటలకొద్దీ నడుస్తుంది. దాన్ని ఇన్వర్టర్ లైను ఉన్న ప్లగ్గుకు మార్చండి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి పక్కన ఉంచుకోండి. నీళ్ళు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. మార్చిలోనే ఒక మధ్యాహ్నం మెయిన్ ఆపేసి, ఏది తిరుగుతోందో ఏది ఆగిందో కళ్ళారా చూసుకోండి. గాలివాన వచ్చిన రాత్రి టార్చిలైటు పట్టుకుని వైర్లు వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

మీ దగ్గరున్నది ఏ రకమో కూడా ఇప్పుడే తేల్చుకోండి. కొమ్మ మీది పాలిప్ (పువ్వులా కనిపించే చిన్న జీవి) విచ్చుకున్నప్పుడు భూతద్దంతో చూస్తే సరిగ్గా ఎనిమిది టెంటకిల్స్ (తిండి పట్టే చేతులు), ఒక్కోదానికి రెండు పక్కలా సన్నని పోగులు కనిపిస్తాయి. చాలా రకాల్లో కొమ్మ లోపల గోర్గోనిన్ అనే ప్రొటీన్‌తో తయారైన నల్లటి లేదా గోధుమరంగు కాడ ఉంటుంది కాబట్టి ప్రవాహానికి వంగుతుంది. ఊదా, బూడిద, లేత గోధుమ రంగు కొమ్మల మీద గోధుమరంగు పాలిప్స్ ఉంటే చాలావరకు వెలుతురుతో బతికే రకమే. యాంటిల్లోగోర్గియా, యూనీసియా, ప్లెక్సారా ఈ కోవలోవి. నిప్పులాంటి ఎరుపు, నారింజ, పసుపు రంగులవి, ఉదాహరణకు డయోడోగోర్గియా, స్విఫ్టియా, పూర్తిగా తిండి మీదే ఆధారపడతాయి. వీటికి రోటిఫర్లు (కంటికి ఆనని నీటి జీవులు), అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న రొయ్య జాతి) పిల్లల్లాంటి సన్నని ఆహారం రోజుకు చాలాసార్లు పడాలి. వేడిలో ఆ తిండే నీళ్ళను పాడుచేస్తుంది. ఎండాకాలంలో ఈ రెండో రకాన్ని కాపాడటం నిజంగా కష్టం.

కొత్తది కొందామనుకునేవాళ్ళకు ఒక మాట. గోర్గోనియన్లన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. మన సముద్రంలోంచి తీసినదాన్ని అమ్మినా, కొన్నా, దగ్గర పెట్టుకున్నా నేరమే, జైలు శిక్ష ఉంది. ఇంద్రజాల్ పేరుతో ఫ్రేము కట్టి అమ్మే ఎండిన సీ ఫ్యాన్లూ (విసనకర్ర ఆకారపు గోర్గోనియన్లు) అంతే. ‘సముద్రం మొక్క’ అని చెప్పి అంటగట్టేవాళ్ళను నమ్మకండి. ఇప్పటికే పెంచుతున్నవాళ్ళు అది ఎక్కడిదో చెప్పే కాగితాలు జాగ్రత్త చేసుకోవాలి. అనుమానముంటే అటవీశాఖనే అడగాలి.

చిల్లర్ లేనివాళ్ళు సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ సామాన్ల బజారు సీటీసీలో దొరికే 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్లు రెండు తెచ్చి, గాలి నీటి ఉపరితలం మీదుగా పోయేలా బిగించండి. ఏప్రిల్ పొడిగాలికి రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. వానలు మొదలై గాలిలో తేమ పెరిగాక అంత పనిచేయదు. అసలు చిక్కు వేరే ఉంది. నీళ్ళు ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం ట్యాంకులోనే ఉండిపోతుంది. ఉప్పును కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో రోజూ చూసి నీటి సాపేక్ష సాంద్రతను 1.025 దగ్గర నిలపాలి. తగ్గిన మేరకు మంచినీళ్ళే పోయాలి, ఉప్పునీళ్ళు కాదు. బోరు నీళ్ళు, ట్యాంకర్ నీళ్ళు నేరుగా వద్దు. తాగే నీళ్ళ ఆర్వో కూడా చాలదు. దాని తర్వాత మిగిలిన లవణాలను తీసేసే డీఐ కాట్రిడ్జ్ పెట్టి, టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల కొలత) సున్నా చూపించాకే వాడండి. నీటి ఎద్దడి రాకముందే డ్రమ్ములో నిల్వ చేసుకోండి. లైట్లు మధ్యాహ్నం కాకుండా సాయంత్రం ఆరు తర్వాత వెలిగేలా టైమర్ మార్చండి.

ఐస్ గడ్డలు నేరుగా వేయొద్దు. మూత బిగించిన సీసాలో నీళ్ళు గడ్డకట్టించి సంప్‌లో (ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ తొట్టెలో) తేలనివ్వండి, గంటకు ఒక డిగ్రీకి మించి దించకండి.

పాలిప్స్ ముడుచుకుని, కొమ్మంతా మైనం పూసినట్టు మెరుస్తుంటే కంగారు పడకండి. అది పొర విడుస్తోంది. కొన్ని రోజుల్లో ఆ పొర తెరలు తెరలుగా ఊడి, కింద శుభ్రమైన రంగు బయటపడుతుంది. బ్రష్‌తో రుద్దకుండా ప్రవాహం పెంచండి, పిప్పెట్‌తో నీళ్ళు చిమ్మండి. పొర అలాగే ఉండిపోతే దాని మీద నాచు పడుతుంది. కండే ఊడి లోపలి కాడ బయటపడుతుంటే మాత్రం ఆలస్యం చేయకూడదు. పదునైన కత్తెరతో, ఆరోగ్యంగా ఉన్న భాగంలోకి ఒకటి రెండు సెంటీమీటర్లు పోయి కత్తిరించండి. మంచి ముక్క అడుగున కొంచెం కండ ఒలిచి, ఆ కాడనే ఎపాక్సీ జిగురుతో రాతికి నిలబెట్టండి. కోసినచోట నుంచి రసాయనాలు నీళ్ళలోకి వస్తాయి కాబట్టి యాక్టివేటెడ్ కార్బన్ వేయండి.

దోమల స్ప్రే ఆ గదిలో అసలు కొట్టకండి. చేపలకు జబ్బు చేస్తే రాగి మందు ఈ ట్యాంకులో వేయకండి, చేపను వేరే ట్యాంకులోకి మార్చి వైద్యం చేయండి.

సెలవులకు ఊరెళ్తుంటే తాళంచెవి ఇచ్చే పక్కింటివాళ్ళకు రెండే పనులు చెప్పండి: వేవ్‌మేకర్ తిరుగుతోందా, నీళ్ళు గీత దాకా ఉన్నాయా. తిండి వేసే పని చెప్పాల్సి వస్తే, రోజువారీ పొట్లాలు కట్టి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్ళండి. ఎరుపు, నారింజ రకాలున్నవాళ్ళు రోహిణి కార్తె వెళ్ళేదాకా ఇల్లు వదలకపోవడమే మంచిది.