సర్‌రాన్ లైట్ బీ (ఎలక్ట్రిక్ డర్ట్ బైక్) కదలకపోతే ముందు ఇవి చూడండి

డిస్‌ప్లే వెలుగుతోంది, థ్రాటిల్ తిప్పినా బండి కదలట్లేదంటే వెంటనే కంట్రోలర్ (బ్యాటరీ నుంచి మోటర్‌కి కరెంట్ పంపే భాగం) పోయిందని టెన్షన్ పడకండి. ముందు బ్రేక్ లివర్లు రెండూ పూర్తిగా వెనక్కి వచ్చాయో లేదో చూడండి, ఎందుకంటే అక్కడుండే చిన్న స్విచ్‌లో బురద ఇరుక్కుంటే మీరు బ్రేక్ పట్టుకునే ఉన్నారనుకుని కంట్రోలర్ మోటర్‌కి కరెంట్ ఇవ్వదు. సైడ్ స్టాండ్‌కి సెన్సర్ ఉంటే అదీ అంతే. బండి పడ్డాక ఆగిపోయిందా? నిలబెట్టి, కీ ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి. డిస్‌ప్లే కూడా రాకపోతే బ్యాటరీ పెట్టెలో బ్రేకర్ (కరెంట్ ఆపే స్విచ్), ప్లగ్ చూడాలి. మోటర్ తిరుగుతూ చక్రం తిరగకపోతే చెయిన్ ఊడిందేమో చూసి, తర్వాత లోపలి బెల్ట్ విప్పి చూడండి.

బ్యాటరీ విషయంలో మాత్రం అశ్రద్ధ వద్దు, అన్నిటికన్నా ఖరీదైన భాగాల్లో అదొకటి. 60 వోల్టుల ప్యాక్ నిండితే మీటర్‌లో సుమారు 67 చూపాలి. రైడ్ నుంచి రాగానే వేడి మీద ఛార్జింగ్ పెట్టొద్దు, చల్లారనివ్వండి. నెలల తరబడి బండి బయటికి తీయకపోతే బ్యాటరీని సగం ఛార్జ్‌తో ఉంచండి. గట్టి దెబ్బ తగిలి వంగినా, ఉబ్బినా అసలు ఛార్జ్ చేయొద్దు, ఇంట్లోకీ తేవొద్దు.

కడిగేటప్పుడు మామూలు పైపు చాలు, ప్రెషర్ వాషర్‌తో కనెక్టర్ల మీద, బేరింగుల మీద కొట్టకండి.