పచ్చళ్ల తయారీలో బ్యాచ్ లెక్కలు – 3వ పాఠం: మధ్యలో కారం బస్తా మారితే

పోయిన పాఠంలో కొన్న ప్రతి సరుకుకూ ఒక గుర్తు పెట్టుకున్నాం: కారం బస్తాలకు కా-1, కా-2, ఆవపిండికి ఆవ-1, ఆవ-2, ఇలా. ఆ గుర్తులను ఇప్పుడు సీసా దాకా తీసుకెళ్దాం.

మొదటి జాడీ ఆవకాయకు కా-1 సరిపోయింది. రెండో జాడీ సగంలో ఉండగా అది అయిపోతే కా-2 విప్పారు. చాలామంది రోజు మొత్తానికి ఒకటే బ్యాచ్ నంబరు వేసేస్తారు. లేబుల్ మీద నంబరు ఉంటుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ కా-2లో కల్తీ రంగు ఉందని తేలితే, ఏ సీసాలో అది పడిందో చెప్పలేక ఆ రోజు సరుకంతా వెనక్కి రప్పించాల్సి వస్తుంది. 2005లో బ్రిటన్‌లో ఒక సాస్‌లో వేసిన కారంలో సుడాన్-1 అనే నిషేధిత రంగు బయటపడింది. ఆ సాస్‌ను ఇంకెందరో తమ తయారీల్లో వాడటంతో 400కు పైగా రకాల సరుకులను దుకాణాల్లోంచి తీసేశారు. ఆ కారం మన దేశం నుంచి వెళ్లిందే.

అందుకే జాడీకో బ్యాచ్. 2026 మే 12న కలిపిన రెండో జాడీ అయితే ఆ-120526-2. పుస్తకంలో దాని కింద ఇలా రాయండి: కా-1 3 కిలోలు, కా-2 2 కిలోలు, ఆవ-4 4 కిలోలు. ముక్కలకు, ఉప్పుకు, నూనెకు కూడా ఇంతే. కలుపుతున్నప్పుడే రాయాలి, సాయంత్రం గుర్తుచేసుకుని రాసింది లెక్క కాదు.

మూడో రోజు తిరగకలిపేటప్పుడు రుచి ఒకేలా ఉండాలని రెండు జాడీలు కలిపేస్తుంటారు. తప్పదనుకుంటే కలిపినదానికి కొత్త నంబరిచ్చి, పాత నంబర్లు రెండూ దాని కింద రాయండి. నిరుటి అడుగు పచ్చడిని కొత్తదాంట్లో వేసే అలవాటును మాత్రం మానేయడమే.

సీసాలకు ఎత్తాక తూకం సరిచూడండి. జాడీలో 30 కిలోలు ఉంటే, అరకిలో సీసాలు 56 వచ్చాయి. అంటే 28 కిలోలు. గిన్నెలకు అంటుకుని పోయింది 300 గ్రాములు. మిగతా 1.7 కిలోలు ఏమైనట్టు? అమెరికా వెళ్లే చుట్టాల సూట్‌కేసులోకి వెళ్లినా సరే, పుస్తకంలోకి ఎక్కాల్సిందే.

అభ్యాసం: అల్మరాలోంచి ఏదో ఒక సీసా తీయండి. ఎవరినీ అడక్కుండా, పుస్తకం చూసి దానిలోని కారం బిల్లు దాకా వెళ్లండి. తర్వాత అదే బస్తా ఇంకే బ్యాచుల్లో పడిందో రాయండి. గడియారం చూసుకోండి, అరగంట దాటితే పుస్తకంలో ఏ గడి ఖాళీగా ఉందో వెతకండి.

4వ పాఠంలో: ఏ బ్యాచ్ ఏ దుకాణానికి వెళ్లిందో బిల్లులోనే రాయడం.