పాత స్పెక్ట్రోఫోటోమీటర్: బాగుచేయించాలా, పక్కన పెట్టాలా?

ప్రాక్టికల్ పరీక్షలు ఇంకో వారం ఉన్నాయనగా, ద్రావణం కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్ రీడింగ్ నిలవదు, సర్వీసు వాళ్లకు ఫోన్ చేస్తే "పదిహేనేళ్ల మెషీను కదండీ, కొత్తది తీసుకోండి" అంటారు. డిగ్రీ కాలేజీ ల్యాబులో పనిచేసే ఎవరికైనా ఈ టెన్షన్ తెలుసు. వయసు చూసి నిర్ణయించకండి, పోయింది ఏ భాగమో చూడండి.

సమస్య: 350 నానోమీటర్ల పైన అంతా బాగుంది, కిందికి వస్తే రీడింగ్ ఊగుతోంది.

ముందు క్యువెట్ (ద్రావణం పోసి పెట్టే చిన్న పాత్ర) చూడండి. మామూలు గాజుది పెడితే యూవీ (అతినీలలోహిత) కాంతిని అదే మింగేస్తుంది, క్వార్ట్జ్‌ది పెట్టి మళ్లీ చూడాలి. అయినా ఊగుతుంటే చాలాసార్లు కారణం యూవీ కాంతినిచ్చే డ్యుటీరియం ల్యాంపే. విజిబుల్‌కి (కంటికి కనిపించే కాంతికి) టంగ్‌స్టన్ ల్యాంపు వేరే ఉంటుంది కాబట్టి ఆ వైపు ఏమీ తెలియదు. డ్యుటీరియం ల్యాంపు సాధారణంగా 1000 నుంచి 2000 గంటలు వస్తుంది, చాలా మోడళ్లలో ఎన్ని గంటలు వెలిగిందో మెనూలోనే కనిపిస్తుంది. ప్లగ్ తీసి, చల్లారనిచ్చి, గ్లవ్స్‌తో మార్చండి. గాజు మీద వేలిముద్ర పడితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాకే వెలిగించండి. వెలుగుతున్న ల్యాంపు వైపు నేరుగా చూడొద్దు, కళ్లకు ప్రమాదం. తర్వాత 656.1 నానోమీటర్ల దగ్గర డ్యుటీరియం గీత సరిగ్గా వస్తోందో లేదో చూస్తే తరంగదైర్ఘ్యం పక్కకు జరిగిందేమో తెలిసిపోతుంది. ల్యాంపు పోయిందని మెషీనునే తీసేయడం అన్యాయం.

సమస్య: గాఢత పెరిగే కొద్దీ క్యాలిబ్రేషన్ గీత (గాఢతకు ఎదురుగా రీడింగులు గీసిన గ్రాఫు) పైన వంగిపోతోంది.

ద్రావణం మరీ చిక్కగా ఉందేమో పలచన చేసి చూడండి. అప్పటికీ వంగితే స్ట్రే లైట్‌ని, అంటే మనం ఎంచుకున్న తరంగదైర్ఘ్యం కాకుండా లోపలికి చేరే వేరే కాంతిని, అనుమానించాలి. లీటరుకు 10 గ్రాముల సోడియం అయొడైడ్ ద్రావణాన్ని 220 నానోమీటర్ల దగ్గర పెట్టండి. అది అక్కడ కాంతిని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది, కాబట్టి అబ్సార్బెన్స్ (కాంతిని ఎంత పీల్చుకుందో చెప్పే అంకె) 2 దాటాలి. మా దాంట్లో 1.3 దగ్గరే ఆగిపోయింది. మాది సముద్రం పక్క ఊరు. మూత విప్పితే తేమ పీల్చడానికి పెట్టిన, నీలంగా ఉండాల్సిన సిలికా జెల్ ఎప్పుడో గులాబీ రంగుకు తిరిగింది, అద్దం మీద పాలు ఒలికి ఎండినట్టు తెల్లటి మరక, దాని అంచున సాలెగూడు దారాల్లాంటి బూజు. గుడ్డ పెట్టి తుడవాలని చెయ్యి లాగుతుంది, కానీ దయచేసి తుడవకండి, అద్దం మీద ఉండేది పల్చటి అల్యూమినియం పూత, గుడ్డతో పాటే లేచిపోతుంది, కాంతిని రంగులుగా విడదీసే గ్రేటింగ్‌నైతే వేలితో కూడా తాకకూడదు.

నిర్ణయం తీసుకోవాల్సింది ఇక్కడే. అద్దం, గ్రేటింగ్ ఇంకా దొరుకుతాయా అని కంపెనీని రాతపూర్వకంగా అడగండి. దొరకవంటే, లేదా రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే, నేనైతే రిపేరు ఆలోచన ఆపేస్తాను. అయినా మొత్తంగా తీసేయక్కర్లేదు. పొటాషియం పర్మాంగనేట్‌ని ఐదారు గాఢతల్లో కలిపి 525 దగ్గర చూశాం, గీత తిన్నగా వచ్చింది. మూత మీద "విజిబుల్ మాత్రమే" అని రాసి అంటించి, మొదటి ఏడాది పిల్లలకు బీర్-లాంబర్ట్ ప్రయోగానికి (గాఢతతో పాటే అబ్సార్బెన్స్ పెరుగుతుందని చూపేది) ఇచ్చాం.

ట్యూబులను వేగంగా తిప్పి ద్రావణంలోని పదార్థాలను వేరుచేసే సెంట్రిఫ్యూజ్ సంగతి వేరు. మోటారులోని కార్బన్ బ్రష్‌లు అరిగితే మార్చుకోవచ్చు, కానీ రోటర్‌లో (ట్యూబులు పెట్టే, తిరిగే భాగంలో) పగులో తుప్పు గుంటో కనిపిస్తే ఆ రోటర్‌ని ఆ రోజే తీసేయాలి, తిరుగుతుండగా విరిగితే పక్కనున్న మనిషికి ప్రమాదం.

పూర్తిగా తీసేసేటప్పుడు స్టాక్ రిజిస్టర్‌లో కారణం, టెస్ట్ రీడింగులు రాసి కమిటీ సంతకాలు చేయించండి. పాత సామాన్ల వాడికి వేయకండి: 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాలు ల్యాబ్ పరికరాలకూ వర్తిస్తాయి, రిజిస్టరైన రీసైక్లర్‌కే ఇవ్వాలి. ఇచ్చే ముందు మంచి టంగ్‌స్టన్ ల్యాంపు, క్యువెట్ హోల్డరు, మాన్యువల్ తీసి దాచండి. అదే మోడల్ పక్క కాలేజీలో ఇంకా నడుస్తూ ఉండొచ్చు.