కప్పింగ్ చేయించుకునేవారు తెలుసుకోవలసినవి

చర్మంపై గాజు లేదా ప్లాస్టిక్ కప్పును బోర్లించి, మంటతో గానీ చేతిపంపుతో గానీ లోపలి గాలిని తగ్గించి కండను పైకి లాగేది పొడి కప్పింగ్ కాగా, అదే చోట బ్లేడుతో సన్నని గాట్లు పెట్టి కొద్దిగా రక్తం తీసేది తడి కప్పింగ్. హైదరాబాదులో యునానీ వైద్యులు చేసే హిజామా ఈ కోవకు చెందినదే. మెడ, నడుము నొప్పుల నుంచి కొందరికి తాత్కాలిక ఉపశమనం లభించవచ్చు గానీ, రోగాన్ని కుదురుస్తుందనే మాటను నమ్మి వాడుతున్న మందులు మానుకోకూడదు.

రక్తం పలచబడే మందులు వాడేవారు, రక్తహీనత ఉన్నవారు, గర్భిణులు ముందుగా తమ వైద్యుణ్ణి సంప్రదించాలి. ఖాళీ కడుపుతో వెళితే కళ్లు తిరిగే ప్రమాదముంది. తడి పద్ధతిలోనైతే కొత్త బ్లేడు ప్యాకెట్టును మీ కళ్లముందే చింపమని అడగండి. ఇక్కడ మొహమాటం పనికిరాదు.

కప్పు పట్టుకోగానే చర్మం చిన్న బన్నులా కప్పులోకి ఉబ్బి, ఎర్రబడి, గట్టిగా గుంజినట్లుంటుంది. సాధారణంగా 5 నుంచి 10 నిమిషాలు ఉంచుతారు. మంటగా, పొడిచినట్లుగా అనిపిస్తే వెంటనే తీసేయమనాలి. తరువాత మిగిలే గుండ్రని మచ్చలు, 2016 రియో ఒలింపిక్స్‌లో ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ భుజాలపై లోకమంతా చూసినవే, బయటికొచ్చిన విషపదార్థాలు కావు. సన్నని రక్తనాళాలు చిట్లి చర్మం కింద కమిలిన రక్తమే. అవి సాధారణంగా ఒకటి రెండు వారాల్లో మాసిపోతాయి. గాట్లున్న చోటు తడవకుండా చూసుకోవాలి. చీము, వాపు, జ్వరం కనిపిస్తే ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి.