నత్తల్లేని పోర్ఫిరా: మా ప్రొద్దుటూరు మిద్దె మీద అద్దకం

పాత గ్రీకులు పోర్ఫిరా అని పిలిచిన ఎర్రటి ఊదా రంగు సముద్రపు నత్తల నుంచి వచ్చేది. 1909లో పాల్ ఫ్రీడ్‌లాండర్ అనే రసాయన శాస్త్రవేత్త 12,000 నత్తలతో కష్టపడితే చేతికొచ్చిన రంగు 1.4 గ్రాములు! ప్రొద్దుటూరులో సముద్రమే లేదు, ఇక నత్తలెక్కడివి? కానీ అది మన నీలిమందుకు దగ్గరి చుట్టమే. అదే అణువుకు రెండు బ్రోమిన్ పరమాణువులు తగులుకున్నాయంతే. అసలు రంగు కొనలేనివాళ్లు ఆ కాలంలోనే నీలం మీద ఎరుపు అద్ది సరిపెట్టుకున్నారు. మనమూ అదే చేద్దాం. ఒకప్పుడు మా కడప జిల్లా నీలి సాగుకు పేరుబడ్డదే కదా.

వంద గ్రాముల నూలు గుడ్డకు లెక్క చెప్తాను. గంజి పూర్తిగా పోయేలా బట్టల సోడా వేసి ఉడకబెట్టి ఉతకండి. ఇక్కడ బద్ధకిస్తే తర్వాత అన్నీ మచ్చలే.

ముందు నీలం. ఐదు లీటర్ల వేడినీళ్లలో 10 గ్రాముల నీలిమందు, 20 గ్రాముల ఆర్పిన సున్నం, 30 గ్రాముల బెల్లం కలిపి, మూతపెట్టి మర్నాటిదాకా వదిలేయండి. గ్లౌజులు తప్పనిసరి, సున్నం చేతులు తినేస్తుంది. పైన రాగి మెరుపుతో తెట్టు కట్టి, కింద నీళ్లు పసుపుపచ్చగా ఉంటే తయారైనట్టు. లేదంటే ఇంకాస్త బెల్లం వేసి ఆగండి. తడి గుడ్డను రెండు నిమిషాలు ముంచి తీస్తే ఆకుపచ్చగా వస్తుంది, గాలి తగిలేకొద్దీ నీలమవుతుంది. లేత నీలం దగ్గరే ఆపేయాలి. మా ఆడపడుచు "ఇంకోసారి ముంచు వదినా" అంటూనే ఉంటుంది, నేను విననే వినను.

బాగా జాడించాక, ఎరుపు గట్టిగా పట్టేందుకు 15 గ్రాముల కరక్కాయ పొడి కలిపిన నీళ్లలో రాత్రంతా, తర్వాత 20 గ్రాముల పటిక నీళ్లలో ఒక పూట నానబెట్టండి.

ఇక ఎరుపు రంగిచ్చే వేరు, మంజిష్ఠ. మూలికల అంగట్లో దొరుకుతుంది. వంద గ్రాముల వేరు దంచి ముందురోజే నానేయండి. స్టీలు గిన్నె వాడండి, ఇనుము తగిలితే రంగు నల్లబారుతుంది. మా బోరునీళ్లకు కుళాయిలన్నీ తెల్లగా పేరుకుపోతాయి, పప్పు ఉడకదు. ఈ పనికి మాత్రం అవే మేలు, నీళ్లలో సున్నం ఉంటే ఎరుపు బాగా పడుతుంది. దీనికోసం మినరల్ వాటర్ క్యాన్ తెప్పించకండి. సన్నసెగ మీద గంటసేపు గుడ్డను కదుపుతూ ఉండాలి. తెర్లనీయొద్దు, తెర్లితే గోధుమరంగు పైకొస్తుంది. పొయ్యి ఆర్పి అందులోనే చల్లారనివ్వండి.

నీడన ఆరేసి, రెండ్రోజులాగి కుంకుడు రసంతో ఉతకండి. ఎరుపు చాలకపోతే మళ్లీ మంజిష్ఠ నీళ్లలో వేయొచ్చు. నీలం ఎక్కువైతే మాత్రం నేరేడు రంగని చెప్పి కట్టుకోవడమే.