చౌక లైసెన్స్ కీ కొనబోయే ముందు ఏం చూసుకోవాలి

విండోస్, ఆఫీస్ వంటి సాఫ్ట్‌వేర్‌కు 25 అక్షరాల కీని అసలు ధరలో పదో వంతుకే ఇస్తామనే అమ్మకందారులను ‘ఇది పనిచేస్తుందా?’ అని అడిగి లాభం లేదు. చాలావరకు పనిచేస్తుంది, చిక్కంతా అక్కడే ఉంది. కంప్యూటర్ కీని అంగీకరించినంత మాత్రాన ఆ సాఫ్ట్‌వేర్ వాడుకునే హక్కు మనకు దక్కినట్టు కాదు.

అందువల్ల అది ఏ రకం కీ అని అడగండి. రిటైల్ కీ విడిగా అమ్మేది, ఓఈఎం కీ కంప్యూటర్‌తో పాటు వచ్చి ఆ యంత్రానికే కట్టుబడి ఉండేది. వాల్యూమ్ కీ మాత్రం ఒక సంస్థ తన ఉద్యోగుల కోసం తీసుకున్నది కనుక బయటివారికి అమ్మే అధికారం సాధారణంగా ఎవరికీ ఉండదు. ఇందులో ఎంఏకే రకానికి ఇన్నిసార్లే యాక్టివేట్ చేయాలన్న (అంటే కీతో సాఫ్ట్‌వేర్‌ను చెల్లుబాటు చేయించుకోవాలన్న) పరిమితి ఉంటుంది. ఒకే కీని పలువురికి అమ్మితే ఆ పరిమితి అయిపోయి, మీరు రేపు హార్డ్‌డిస్క్ మార్చి విండోస్‌ను మళ్లీ ఎక్కించుకున్నప్పుడు అదే కీ పనికిరాకపోవచ్చు. కేఎంఎస్ రకమైతే యాక్టివేషన్ 180 రోజులే నిలుస్తుంది, ఆలోగా కంప్యూటర్ ఆ సంస్థ సర్వర్‌ను మళ్లీ చేరుకోవాలి. దొంగిలించిన కార్డుతో కొన్న కీలు కూడా ఇలాగే చేతులు మారుతుంటాయి. కార్డు యజమాని ఫిర్యాదు చేశాక వాటిని రద్దు చేస్తే నష్టపోయేది చివరగా కొన్నవారే.

ఉత్పత్తి పేరును కూడా పరిశీలించండి. ఆఫీస్ 2019 ప్రొఫెషనల్ ప్లస్ సాధారణ వినియోగదారులకు దుకాణాల్లో అమ్మే ఎడిషన్ కాదు. మైక్రోసాఫ్ట్ 365 చందా పద్ధతిలో నడిచేది కాబట్టి ‘జీవితకాలపు ఖాతా’ అంటూ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చేతిలో పెడితే అది మరెవరి సంస్థ చందాలోనో ఒక వినియోగదారుకు కేటాయించిన చోటు అని గ్రహించాలి. ఆ సంస్థ అడ్మిన్ మీ పాస్‌వర్డ్ మార్చగలడు, వన్‌డ్రైవ్ అనే ఆన్‌లైన్ నిల్వలోని మీ ఫైళ్లు తెరవగలడు, ఖాతానే తీసేయగలడు. నా దృష్టిలో కీ రద్దు కావడం కన్నా ఇదే పెద్ద ప్రమాదం. ఇక అసలైన కీ లేకుండానే సాఫ్ట్‌వేర్‌ను పనిచేయించే యాక్టివేటర్ ప్రోగ్రామ్ పంపి, యాంటీవైరస్ ఆపమంటే బేరం అక్కడితో ముగించండి.

వాడిన లైసెన్సులను తిరిగి అమ్మవచ్చని ఐరోపా న్యాయస్థానం 2012లో తీర్పిచ్చిందని కొందరు అమ్మకందారులు వాదిస్తారు. నిజమే, అయితే మొదటి కొనుగోలుదారు తన ప్రతిని పనిచేయకుండా చేయాలని, మూకుమ్మడి లైసెన్సును ముక్కలు చేసి అమ్మరాదని కూడా ఆ తీర్పే చెప్పింది. ఈ షరతులు పాటించినట్టు ఆధారం చూపమనండి.

ఇప్పటికే విండోస్ కీ కొన్నట్లయితే కమాండ్ ప్రాంప్ట్‌లో (విండోస్‌కు ఆదేశాలు టైప్ చేసే తెరలో) ‘slmgr /dli’ అని టైప్ చేయండి. తెరుచుకునే చిన్న పెట్టెలో వివరణ వరుస చివర రిటైల్, ఓఈఎం, వాల్యూమ్‌లలో ఏదో ఒక మాట కనిపిస్తుంది. రిటైల్ అని చెప్పి అమ్మిన కీకి అక్కడ వాల్యూమ్ అని ఉంటే ఆ తెర చిత్రాన్ని, ఆర్డర్ వివరాలను భద్రపరచి, చెల్లింపు సంస్థకు గడువులోగా ఫిర్యాదు చేయండి. పరాయి ఖాతాలో దాచుకున్న ఫైళ్లను మాత్రం అంతకంటే ముందే వెనక్కి తెచ్చుకోండి, ఎందుకంటే ఫిర్యాదు అందగానే అమ్మకందారు ఆ ఖాతాను మూసేసే అవకాశం ఉంది.