సాయంత్రపు నడకలో నీటిని చదవడం – 4వ పాఠం: మొగ తెరిచి ఉందా?

పోయిన పాఠంలో చెన్నై ఓడరేవు పోటు పట్టిక చూసుకుని, పోటు దాటిన రెండు గంటలకు అడయారు నది వంతెన మీదికి చేరమన్నాను. ఆటుకి బురద తేలుతుంది, పిట్టలు దిగుతాయి అన్నాను. వెళ్లినవాళ్లలో చాలామందికి బురద కనిపించలేదు. నీరు చెరువులా కదలకుండా ఉందని కొందరు, వెనక్కి తీయాల్సిన వేళ ఎగువకు పోతోందని కొందరు చెప్పారు. తప్పు మీది కాదు. ఆ పట్టిక సముద్రానిది. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర తలుపు తెరిచి ఉందో లేదో ముందు చూసుకోమని నేను చెప్పి ఉండాల్సింది. అందుకే ఈసారి ఇస్తానన్న కొంగల పాఠం పక్కన పెట్టాను.

ఆ తలుపు ఇసుకమేట. మన తీరంలో ఏడాదిలో ఎక్కువ నెలలు అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తోస్తాయి. 1870ల్లో మొదలైన ఓడరేవు గోడలు ఆ ఇసుకకు అడ్డుపడ్డాయి. దక్షిణాన మెరీనా వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు తీరం కోసుకుపోయింది. అదే ఇసుక అడయారు మొగలోనూ పడుతుంది. నదిలో వరద ఉంటే తోసేస్తుంది. ఎండాకాలంలో ఆ బలం ఉండదు. మొగ సన్నబడుతుంది, ఒక్కోసారి పూర్తిగా మూసుకుపోతుంది. పులికాట్ సరస్సు దగ్గర రాయదొరువు ముఖద్వారం పూడిక గురించి నెల్లూరు వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. జబ్బు అదే. అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాల వరద వస్తే దారి మళ్లీ తెరుచుకుంటుంది.

మూసుకుందో లేదో తెలుసుకోవడానికి మొగదాకా నడవక్కర్లేదు. మన అడయారు వంతెన, అంటే తిరు.వి.క. వంతెన కాలిబాట మీద నిలబడి, పక్కనున్న పాత వంతెన స్తంభాలు చూడండి. నీటి అంచుకు పైన తడి పట్టీ ఉంటే నీరు ఇప్పుడే దిగింది, అంటే మొగ తెరిచే ఉంది. అంచుదాకా పొడిగా ఉంటే తొందరపడకండి, అప్పుడు నీరు ఎక్కుతూ ఉండొచ్చు. అరగంట ఆగి మళ్లీ చూడండి. పట్టిక ప్రకారం ఆటు నడుస్తున్నా తడి పట్టీ పడకపోతే మొగ మూసుకుందనే నేను లెక్కేస్తాను. పిట్టలు కూడా సాక్ష్యం చెబుతాయి. బురదలో తిండి వెతికే చిన్న పిట్టలు ఉల్లంకులు, వాటికి పలచటి తడి బురద కావాలి. అవి లేకుండా పొడుగు కాళ్లవే నిలబడి ఉంటే, బురద తేలలేదనుకోవచ్చు.

ఇక నీరు ఎగువకు పోతోందన్నవాళ్ల సంగతి. దేన్ని చూసి అలా అన్నారని అడిగితే ఒకరు ప్లాస్టిక్ సీసా అన్నారు, ఒకరు థర్మాకోల్ ముక్క, ఇద్దరు గుర్రపుడెక్క. ఇవన్నీ చూపించేది గాలిని! సాయంత్రం మన దగ్గర గాలి సముద్రం మీద నుంచి వస్తుంది, అంటే తూర్పు నుంచి ఎగువకు. గంటకు 20 కిలోమీటర్ల గాలి వీస్తే పైపొర నీరే గంటకు సుమారు అర కిలోమీటరు జరుగుతుంది. అడుగున నీరు సముద్రానికి పోతున్నా సరే. గుర్రపుడెక్క మరీ మోసం. దాని ఆకులు నీటిపైన నిలువుగా లేచి తెరచాపల్లా గాలిని పడతాయి. ఖాళీ సీసా నీటిలో మునగనే మునగదు. థర్మాకోల్ సంగతి చెప్పనే అక్కర్లేదు. పూలదండా వద్దు, అరిటాకూ వద్దు. ముప్పాతిక మునిగిన కొబ్బరికాయనో, నానిపోయి తల మాత్రమే తేలుతున్న కొమ్మనో వెతకండి. అది ఎటు పోతే నీరు అటు. తెరచాప పడవ నడిపేవాళ్లు మొదట్లోనే నేర్చుకునేది ఇది, గాలినీ నీటినీ విడివిడిగా లెక్కకట్టడం. చెన్నైకి దక్షిణాన ముట్టుకాడులో ఒక్కొక్కటీ ఒక్క తాడుతో కట్టిన పడవలను చూడండి. లోతుగా మునిగినది నీటి మాట వింటుంది, తేలికైనది గాలి మాట వింటుంది. రెండూ రెండు దిక్కులకు తిరిగి ఉన్న సాయంత్రం నిలబడి చూడండి, ఈ పేరా అంతా అక్కడే కనిపిస్తుంది.

అమావాస్యకూ పౌర్ణమికీ పోటు పెద్దది, అష్టమి నవములకు చిన్నది, ఆ సంగతి మీకు తెలిసిందే. ఫోన్‌లో పట్టిక చూసినా, గోడ మీద తిథుల క్యాలెండరు చూడకుండా నేను ఇల్లు కదలను.

అభ్యాసం: అమావాస్య నుంచి పౌర్ణమి దాకా, రోజూ సాయంత్రం సరిగ్గా 5 గంటలకు, అదే స్తంభం ముందు. తిథి, తడి పట్టీ ఎన్ని జానలు ఉందో అంచనా, కొబ్బరికాయ దిక్కు, గాలి దిక్కు, ఈ నాలుగూ రాయండి. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి, అదే 5 గంటలకు ఒకరోజు ఆటు, వారం తర్వాత పోటు దొరుకుతాయి. ఒక్కరోజు తప్పినా ఆ వరుస పనికిరాదు, మళ్లీ అమావాస్య నుంచి మొదలుపెట్టండి. వాన పడితే గొడుగు తీసుకెళ్లండి. మొగ మూసుకున్న నెలలో ఈ పని పెట్టుకోకండి.